మునుగుటకు ముందు

కోనసీమలో పుట్టినవారికి నీరు కొత్త కాదు. కాలువగట్టున నడక నేర్చి, రేవులో ఈత నేర్చి, పడవలో పెండ్లికి తరలిపోయిన తరము ఇంకను మన మధ్య నున్నది. ముమ్మిడివరమున నిలుచున్నవారికి ఒక ప్రక్క గౌతమి, మరియొక ప్రక్క కాట్రేనికోన దాటిన పిమ్మట సముద్రము. అయినను మనలో చాలమందిమి సముద్రమును ఒడ్డు నుండియే చూచినవారము. కార్తికమాసమున స్నానము చేయుదుము, వనభోజనమునకు పోయి అలలలో కాళ్ళు తడుపుకొందుము, అంతే. ఆ నీటి అడుగున నేమున్నదో కన్నులార చూచినవారు మన యిండ్లలో అరుదు.

ఇప్పుడు ఆ కోరిక తీర్చుకొనుట సామాన్య కుటుంబములకును సాధ్యమైనది. వీపున గాలి సిలిండరు కట్టుకొని, కన్నులకు అద్దము పెట్టుకొని, నోట గొట్టము కరచుకొని ఊపిరి పీల్చుచు సముద్రములో దిగు విద్యను స్కూబా డైవింగు అందురు. గత సంవత్సరము మా యింటి నుండి నలుగురము దీనికై పోయివచ్చితిమి. ఆ ప్రయాణమునకు మేము చేసికొనిన ఏర్పాట్లను, వానివలన నేర్చుకొనిన సంగతులను శ్రోతలకు మనవి చేయుటయే ఈ ప్రసంగము ఉద్దేశము. ముందుగనే ఒక మాట చెప్పవలెను. ఇట్టి ప్రయాణమునకు ఏర్పాటనగా టిక్కెట్లు కొనుట, గది కుదుర్చుకొనుట మాత్రమే కాదు. అవసరమైనచో మునగకుండనే తిరిగి వచ్చుటకు చోటుంచుకొనుట అన్నింటికంటె ముఖ్యమైన ఏర్పాటు.

మొదట మాకు తోచిన ఆలోచన చాల సులువైనది. సముద్రము మన పెరటిలోనే యుండగా దూరమేల పోవలెను? ఈ మాటనే పల్లము తీరమున వలలు బాగుచేసికొనుచున్న ఒక పెద్దతో అంటిమి. ఆయన నవ్వి, "గోదారి కలిసే చోట ములిగితే మీ చెయ్యి మీకే అగపడదండి బాబూ" అనెను. ఆ ఒక్క మాటలో భూగోళశాస్త్ర మంతయు నున్నది. నాసిక్ వద్ద త్ర్యంబకమున పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి, దారిపొడవున తెచ్చిన ఒండ్రును ధవళేశ్వరము దిగువను పాయలుగా చీలి మన తీరమున విడుచుచున్నది. మన లంకలు, మన వరిచేలు, మన కొబ్బరితోటలు ఆ ఒండ్రుతో ఏర్పడినవే. కాకినాడ యెదుట నున్న హోప్ ఐలాండు సయితము గోదావరి తెచ్చిన ఇసుకయే. భూమిని పెంచు ఆ మట్టియే తీరపు నీటిని మసక చేయును. పగడపు దిబ్బలు పెరుగుటకు వెలుతురు దిగు తేటనీరు కావలెను, ఉప్పదనము నిలుకడగా నుండవలెను. ఈ రెండును నదీముఖములందు ఉండవు. కనుకనే గోదావరి, కృష్ణ, గంగ సముద్రమును కలియు చోట్ల పగడపు దిబ్బలు కానరావు. గోదావరి మనకు అన్నము పెట్టినది; తేటనీటి కొరకు మాత్రము మనము పొరుగున కేగక తప్పదు.

ఎచటికి పోవలెను? విశాఖపట్నమునకు చేరువను ఋషికొండ, భీమునిపట్నము తీరములందు రాతిదిబ్బల వద్ద మునుగుట నేర్పువారు కలరు. విజయనగరము జిల్లా చింతపల్లి తీరమునొద్ద మునిగిపోయిన ఓడ శిథిలములను చూచుటకును పోవుచున్నారు. ఒకటి రెండు దినముల సెలవు మాత్రమే కలవారికి ఇవి అనుకూలములు. అయితే ఇచటను నీటి తేటదనము దినమున కొక తీరుగ నుండును. కర్ణాటకమున మురుడేశ్వరము నుండి నేత్రాణి ద్వీపమునకు పోవచ్చును. లక్షద్వీపములకు పోవువారు ముందుగా అనుమతిపత్రము పొందవలెను. మేము అండమాను దీవులను ఎన్నుకొంటిమి. అచట మహానదుల ఒండ్రు లేదు. దీవుల చుట్టును పగడపు దిబ్బలు కలవు. అంతేకాక అది మనకు పూర్తిగా పరాయి చోటు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతము. రేవులోను, బజారులోను తెలుగు వినబడును.

అండమాను ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయిరుకు 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమను పేరు పెట్టిరి. అచటి నుండి స్టీమరుపై రెండు గంటలకు పైగా పోయినచో స్వరాజ్ ద్వీపము వచ్చును. పూర్వము దానిని హావ్‌లాక్ ద్వీపమనెడివారు. 2018 డిసెంబరు 30వ తేదీన ఈ పేరు వచ్చినది. ముమ్మిడివరము నుండి యానాము మీదుగా కాకినాడ, అచటి నుండి సామర్లకోట చేరి, రైలుపై చెన్నపట్టణము పోయి, అచట విమానమెక్కినచో రెండు గంటలకు కొంచెము పైగా శ్రీ విజయపురము చేరవచ్చును. విశాఖపట్నము నుండి ఓడయును కలదు గాని అది తరచుగా నడువదు. ప్రయాణమునకు రెండు మూడు దినములు పట్టును. తీరిక యున్నవారు తేదీలు ముందుగా విచారించి పోవచ్చును.

చోటు కుదిరిన తరువాత కాలము కుదురవలెను. ఇచట మన కోనసీమవారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని మరచినవారు మనలో లేరు. కాకినాడకు దక్షిణమున తీరము దాటిన ఆ తుఫాను వేయిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. బలుసుతిప్ప, భైరవపాలెము వంటి పల్లెలలో సముద్రముపైకి వేటకు పోయిన అనేకులు తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలకొరిగినవి. అక్టోబరు, నవంబరు మాసములలో బంగాళాఖాతము ఎట్లుండునో మనము ఎరుగుదుము. అండమాను దీవులును ఆ బంగాళాఖాతమునకు తూర్పు అంచుననే యున్నవి. నైరుతి ఋతుపవనములు మన దేశమున మొదట తాకునదియు మే మాసమున ఆ దీవులనే. కనుక జనవరి మొదలు ఏప్రిల్ వరకు గల కాలము అన్నివిధముల మంచిది. సంక్రాంతి పండుగ ఇంట జరుపుకొని, కొత్త అల్లుళ్ళను సాగనంపి, ఆ తరువాత బయలుదేరుట మనకు వీలైన పద్ధతి. మేమును అట్లే ఫిబ్రవరి మాసమున పోతిమి.

అయితే మంచి కాలమున సయితము సముద్రమునకు హామీ లేదు. 2016 డిసెంబరులో వార్ధా తుఫాను పుట్టుచున్న దినములలో స్వరాజ్ ద్వీపమునను, దాని పొరుగు దీవియందును వేయిమందికి పైగా యాత్రికులు చిక్కుబడిపోయిరి. స్టీమర్లు ఆగిపోయినవి. నౌకాదళము ఓడలను పంపి వారిని తీసికొని రావలసివచ్చెను. ఈ సంగతి తెలిసిన పిమ్మట మేము మా పట్టికలో రెండు ఖాళీ దినములు చేర్చితిమి. ఆ దినములలో పనియేమియు పెట్టుకొనలేదు. "ఊరికే కూర్చునే రోజుకి గది అద్దె దండుగ కాదా?" అని మా బావమరిది సణిగెను. ఆ దండుగ యెట్లు ఫలించినదో ముందు చెప్పెదము.

ఇక విద్య సంగతి. గోదావరిలో ఇసుక తీయు పడవవారిని శ్రోతలు చూచియే యుందురు. ఊపిరి బిగబట్టి అడుగునకు మునిగి, బకెట్టు నిండ ఇసుకతో పైకి వత్తురు. నీటిలో దిగువాడు ఊపిరి బిగబట్టవలెనని మనము చిన్ననాటి నుండి నేర్చిన పాఠము. స్కూబా విద్యలో మొదట మరువవలసినది ఈ పాఠమునే. దీనికి కారణము చెప్పెదము.

నీటి అడుగున ప్రతి 10 మీటర్లకు, అనగా సుమారు 33 అడుగులకు, మన శరీరముపై వాయుమండలపు ఒత్తిడి అంత ఒత్తిడి అదనముగ చేరును. 10 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున నున్నదానికి రెండింతలు. 20 మీటర్ల వద్ద మూడింతలు. ఒత్తిడి రెండింతలైనచో గాలి పరిమాణము సగమగునని 1662వ సంవత్సరమున రాబర్టు బాయిల్ తెలిపెను. ఇసుక తీయువాడు ఒడ్డున పీల్చిన గాలితోనే మునుగును. ఆ గాలి అడుగున కుదించుకొనిపోయి, పైకి వచ్చునప్పటికి మరల మొదటి పరిమాణమునకు వచ్చును. అందువలన కీడు లేదు. సిలిండరు కట్టుకొన్నవాడట్లు కాదు. అతడు లోతుననే, ఆ లోతు ఒత్తిడితోనే గాలిని పీల్చును. 10 మీటర్ల వద్ద గుండెల నిండ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో ఆ గాలి రెండింతలు కాజూచును. ఊపిరితిత్తులు అంత సాగవు, చినుగును. కనుక నీటిలో నున్నంతసేపు ఊపిరి పీల్చుచు విడుచుచునే యుండవలెను. ఒక్క క్షణమైనను బిగబట్టరాదు.

1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అను నిరువురు కలిసి ఏర్పరచిన సాధనము ఈ విద్యకు మూలము. లోతునుబట్టి తగిన ఒత్తిడిలో గాలిని నోటికందించు మర యది. సాధనము చాల నమ్మదగినదే. మనిషి భయముతో ఊపిరి బిగబట్టుట, త్వరపడి పైకి వచ్చుట కీడునకు దారితీయును. పైకి వచ్చుటలో నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించరాదనియు, చివర 5 మీటర్ల వద్ద మూడు నిమిషములు ఆగి రావలెననియు నేర్పుదురు. అట్లేల యనగా, లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమునందు కరుగును. నిదానముగ వచ్చినచో అది ఊపిరితో బయటికి పోవును. త్వరపడినచో మూత తీసిన సోడాలో వలె బుడగలుగ లేచి కీళ్ళను, నరములను బాధించును.

ఈ కారణము చేతనే శరీర పరీక్ష విషయమున దాపరికము పనికిరాదు. మునుగుటకు ముందు ఒక పత్రము నింపవలసి యుండును. ఉబ్బసము, గుండెజబ్బు, మూర్ఛ, చెవిలో చీము, ఇటీవలి శస్త్రచికిత్స, గర్భము, వీనిలో ఏదైనను ఉన్నదా యని అందులో అడుగుదురు. ఆ పత్రమును మేము అండమాను చేరిన తరువాత కాక, ముమ్మిడివరముననే సంపాదించి చదివితిమి. అందు మా మేనల్లుని కలము ఒకచోట ఆగెను. "చిన్నప్పుడెప్పుడో వచ్చిన ఉబ్బసం మామయ్యా, ఇప్పుడు రాస్తే నన్ను దిగనివ్వరు. లేదని పెట్టేస్తాను" అనెను. ఈ ప్రయాణమునకు మా అందరికంటె ఉత్సాహపడినవాడు అతడే. టిక్కెట్లు కూడ అతడే కొనెను. మాకు జాలి కలుగకపోలేదు. కాని ఉబ్బసము గలవాని ఊపిరి గొట్టములు ముడుచుకొన్నచో, లోపలి గాలి పైకి వచ్చునప్పుడు బయటికి పోవు దారి యుండదు. ఇంతకుముందు చెప్పిన చినుగు ప్రమాదము, ఊపిరి బిగబట్టకున్నను, అతనికి కలుగవచ్చును. డాక్టరు వద్దకు తీసికొనిపోతిమి. ఆయన ఊపిరి బలము కొలిచి, పరుగెత్తించి మరల కొలిచి, "సిలిండరుతో దిగవద్దు, పైన తేలుతూ చూడు, చాలు" అనెను. ఆ రాత్రి మేనల్లుడు భోజనము సరిగా చేయలేదు. అయినను మాతో వచ్చెను.

నేర్పువారిని ఎన్నుకొనుటలో మేము కొన్ని ప్రశ్నలు ముందుగనే టెలిఫోనుపై అడిగితిమి. మాతో దిగు శిక్షకుడు ఏ సంస్థ నుండి యోగ్యతాపత్రము పొందెను? ఒక శిక్షకునితో ఎందరిని దించుదురు? పడవలో ప్రాణవాయువు సిలిండరు ఉన్నదా? కీడు జరిగినచో ఒత్తిడిగదిలో నుంచి చికిత్స చేయు ఆసుపత్రి ఎంత దూరము? గాలివాన వచ్చినచో రుసుము తిరిగి ఇత్తురా? ఈ కడపటి ప్రశ్నకు "రేపటికి మార్చెదము" అని వెంటనే చెప్పినవారినే మేము నమ్మితిమి. చెల్లించిన డబ్బు పోవునను భయము యాత్రికునికి, పుచ్చుకొన్న డబ్బు తిరిగి ఈయవలసి వచ్చునను భయము శిక్షకునికి ఉన్నచో, ఇరువురును చెడు దినమున నీటిలో దిగుదురు. భీమా తీసికొనువారు అందులో ఈ క్రీడ చేరినదో లేదో చదివి చూచుకొనవలెను. కండ్లజోడు గలవారికి చూపునకు తగిన అద్దములు దొరకును, ముందుగా చెప్పవలెను. జలుబు చేసినవారు దిగరాదు, ఏలననగా ముక్కు మూసి ఊది చెవులలో ఒత్తిడి సరిచేసికొనుట వారికి సాధ్యము కాదు.

ఎంత నేర్వవలెనన్నది తీరికనుబట్టి యుండును. శిక్షకుడు చేయి విడువకుండ 12 మీటర్లకు మించని లోతున ఒక్కసారి చూపి తీసికొనివచ్చు పద్ధతి యొకటి. మూడు నాలుగు దినములు నేర్చి, పరీక్షయిచ్చి, 18 మీటర్ల వరకు దిగుటకు యోగ్యత పొందు పద్ధతి రెండవది. దీనికి 200 మీటర్లు ఈదుట, పది నిమిషములు నీటిపై తేలియుండుట రావలెను. రేవులో పెరిగినవారికి ఇది కష్టము కాదు. మేము మొదటి పద్ధతినే ఎన్నుకొంటిమి.

ఇక మా పట్టిక. మొదటి దినము శ్రీ విజయపురము చేరి విశ్రాంతి. రెండవ దినము స్టీమరుపై స్వరాజ్ ద్వీపము. మూడవ దినము మొలలోతు నీటిలో అభ్యాసము. నాలుగవ దినము మునుగుట. ఐదు, ఆరు దినములు ఖాళీ. ఏడవ దినము తిరిగి శ్రీ విజయపురము. ఎనిమిదవ దినము విమానము. మునిగినవారు వెంటనే విమానమెక్కరాదు. రక్తమున మిగిలిన నత్రజని మింటి మీది తక్కువ ఒత్తిడిలో మరల బుడగలు కట్టును. కనీసము 18 గంటలు, వీలైనచో ఒక పూర్తి దినము నేలపై నుండవలెను. ఆ దినమును మేము సెల్యులర్ జైలు చూచుటకు ఉంచుకొంటిమి. 1906లో కట్టడము పూర్తియైన ఆ జైలులో దేశము కొరకు శిక్ష అనుభవించినవారిలో 1933 నాటి కాకినాడ బాంబు కేసులోని భయంకరాచారియు నొకరు. మన గోదావరి సీమ నుండి పోయినవారు ఆ కొట్లను చూడక తిరిగి వచ్చుట భావ్యము కాదు.

నాలుగవ దినము ఉదయమున రేవు చేరునప్పటికి గాలి హెచ్చియున్నది. శిక్షకుడు, శ్రీకాకుళము జిల్లా నుండి పోయి అచట స్థిరపడిన కుటుంబములోని యువకుడు, కొంతసేపు నీటివంక చూచి, "ఈరోజు వద్దండి. అలలు తగ్గితే రేపు వెళదాం" అనెను. ప్రక్కనే మరియొక కుటుంబమువారు, ఆ సాయంకాలమే తమకు స్టీమరు కలదనియు, ఎట్లైన దింపవలసినదనియు బ్రతిమాలుచుండిరి. వారు కోపముతో వెడలిపోయిరి. మాకును మనసు చివుక్కుమన్నది గాని, కోపము రాలేదు. మాకు రేపు ఉన్నది. బావమరిది ఆ పగలు గది అద్దె మాట ఎత్తలేదు.

మరునాడు సముద్రము చెరువు వలె నున్నది. దిగిన మొదటి నిమిషమున మాకు భయము కలిగినమాట దాచము. ఊపిరి బిగబట్టవలెనని దేహము పోరును, మనసు కాదనును. నాలుగైదు ఊపిరుల తరువాత ఆ తగవు తీరెను. ఎనిమిది మీటర్ల వద్ద పగడపు దిబ్బ కనబడెను. అడుగునకు పోవుకొలది ఎరుపు రంగు మాయమై అంతయు నీలి ఛాయ దాల్చును. నీటిలో వస్తువులు మూడవ వంతు పెద్దవిగ కనబడును. పువ్వుల వలె విచ్చుకొన్న సముద్రజీవుల నడుమ నారింజ చారల చేపలు దాగుచు తొంగిచూచుచుండెను. పగడము రాయి గాదు, చెట్టు గాదు. చిన్న చిన్న ప్రాణుల సంసారము. చేయి తాకినను అది నశించవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పగడములకు రక్షణ కలదు. ముక్క విరిచి తెచ్చుట నేరము. సముద్రపు నీరు మితిమీరి వేడెక్కిన 1998, 2010, 2016 సంవత్సరములలో అండమాను పగడములు తెల్లబారినవి. మేము చూచిన దిబ్బలో కొంత భాగము అట్లే సున్నము వలె వెలవెలబోయి యుండెను. దానిని చూచునప్పుడు మాకు తుఫాను వెళ్ళిన మరునాటి కొబ్బరితోట జ్ఞప్తికి వచ్చినది.

పైకి వచ్చి చూచునప్పటికి మా మేనల్లుడు కంటి అద్దము, చిన్న గొట్టము పెట్టుకొని, తేలుడు చొక్కా తొడుగుకొని, లోతులేని దిబ్బపై బోరగిల తేలుచుండెను. మా కంటె ముందే ఒక తాబేలును చూచితినని మాకు చెప్పి గర్వపడెను. తిరుగుదారిలో స్టీమరుపై అతడే అడిగెను: "ఆ రోజు నేను లేదని పెట్టేసి ఉంటే మీకు తెలిసేదా మామయ్యా?" తెలియదనియే చెప్పితిమి. ఆ పత్రమున వ్రాసిన దానిని సరిచూచువారు సముద్రముపై ఎవరును లేరు.

పల్లము తీరమున మాతో మాటలాడిన ఆ పెద్దను వచ్చిన తరువాత మరల చూచితిమి. చూచినదంతయు చెప్పితిమి. ఆయన అంతయు విని, ఒక్క ప్రశ్న మాత్రమే అడిగెను: "గాలి లేచిన్రోజు దిగలేదు గదండీ?" దిగలేదంటిమి. మంచిపని చేసితిమని తల ఊపి, మరల వల చేతికి తీసికొనెను.